11 రోజుల పసిబిడ్డకు రొమ్ము పట్టడం, పంపు చేయడం: రెండింటినీ ఎలా సర్దుకోవాలి?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పాప పుట్టి 11 రోజులైంది. రొమ్ము బాగానే పట్టుకుంటోంది, పట్టినప్పుడు మీకు నొప్పి కూడా లేదు. అయినా ఎంత తాగిందో కంటికి కనబడదు కాబట్టి, పాలిచ్చిన వెంటనే పంపు పెడుతున్నారు. ఇలా రోజుకు 7 సార్లు జరుగుతోంది. రెండు వైపులా కలిపి ఒక్కోసారికి 20 నుంచి 30 మిల్లీలీటర్లకు మించి రావడం లేదు. ఆ పాలను దాచి, సాయంత్రం పాప ఏడుస్తున్నప్పుడు సీసాతో పట్టిస్తే 60 మిల్లీలీటర్లు గటగటా తాగేస్తోంది. దాంతో మీ దగ్గర పాలు చాలడం లేదన్న అనుమానం బలపడింది. పైగా మరో 7 వారాల్లో ఉద్యోగంలో చేరాలి కాబట్టి రొమ్ము, పంపు రెండూ ఎలా నెట్టుకురావాలని అడిగారు.

ముందుగా సూటిగా సమాధానం చెబుతాను. పాప బరువు, మూత్రం లెక్క సరిగా ఉన్నట్లయితే ఈ వయసులో మీకు పంపు అవసరం దాదాపుగా లేదు. మరో రెండున్నర వారాలపాటు రొమ్ము పట్టడం మీదనే దృష్టి పెట్టండి. ఇప్పుడు చేస్తున్న 7 పంపులను ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించుకుంటూ రండి. పాపకు నాలుగు వారాలు నిండాక రోజుకు ఒక్కటంటే ఒక్క పంపు మొదలుపెడితే ఉద్యోగానికి కావలసిన పాలు సమకూరుతాయి. బరువు సరిగా లేకపోతే మాత్రం లెక్క మారుతుంది. దాని గురించి కింద విడిగా రాశాను.

నేను 17 ఏళ్ళుగా ప్రసూతి వార్డులోనూ, బాలింతలకు పాలివ్వడంలో సాయపడే విభాగంలోనూ పనిచేస్తున్న నర్సును. ఇద్దరు పిల్లలకు పాలిచ్చాను, ఇద్దరి విషయంలోనూ పంపు వాడాను. కాబట్టి పంపు మీద నాకు ద్వేషమేమీ లేదు. అయితే ఈమధ్య నా దగ్గరకు వచ్చే తల్లుల్లో సగం మందిని కంగారు పెడుతున్నది బిడ్డ కాదు, పంపు కింద ఉన్న సీసా మీది గీతలు.

ఆ 20–30 మిల్లీలీటర్ల సంగతే ముందు చూద్దాం. మీరు పంపు పెడుతున్నది పాప తాగి వదిలేసిన తర్వాత. అంటే సీసాలో పడుతున్నది పాప ఆకలికి తగ్గ పాలు కాదు, ఆ ఆకలి తీరాక మిగిలిన పాలు. భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిన అన్నాన్ని కొలిచి, వండింది ఇంతేనా అని దిగులుపడటం లాంటిది ఇది. పాలిచ్చిన వెంటనే పంపు పెడితే చాలామందికి 15 నుంచి 60 మిల్లీలీటర్ల లోపే వస్తాయి. మీకు 7 సార్లకూ సగటున 25 వేసుకున్నా రోజుకు 175 మిల్లీలీటర్లు అదనంగా తీస్తున్నారు. ఇది కొరతను చూపే అంకె కాదు. బిడ్డ అడగని పాలను మీ శరీరం చేత తయారు చేయిస్తున్నారని చూపే అంకె.

ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. పంపులో వచ్చేది ఎప్పుడూ మీ దగ్గరున్న పాలకు కొలత కాదు. పాలు గొట్టం తిప్పితే నీళ్ళు వచ్చినట్లు రావు, చేపుకు రావాలి. బిడ్డ నోటి వెచ్చదనం, ఒంటి వాసన, చప్పరింపు తగిలితే చేపు వచ్చేంత సులువుగా ప్లాస్టిక్ గరాటుకు రాదు. చేపును నడిపే ఆక్సిటోసిన్ అనే హార్మోను కంగారుకు, నొప్పికి వెనక్కి తగ్గే రకం. నిండుగా పాలున్నా పంపుకు అరచెంచాడు కూడా ఇవ్వని తల్లులను నేను చాలామందిని చూశాను. వాళ్ళ బిడ్డలు మాత్రం బొద్దుగా పెరిగారు.

ఇక సాయంత్రం సీసా. సీసా పీక అంగిలికి తగిలితే చప్పరించడం పసిబిడ్డకు తనంతట తానుగా వచ్చేసే చర్య. సీసాను పైకెత్తి పట్టినప్పుడు పాలు వాటంతట అవే కారుతాయి. నోట్లోకి వచ్చినదాన్ని మింగక తప్పదు, మింగాక మళ్ళీ చప్పరించక తప్పదు. అందువల్ల కడుపు నిండిన బిడ్డ కూడా 60 మిల్లీలీటర్లను ఐదు నిమిషాల్లో ఖాళీ చేయగలదు. అది ఆకలికి రుజువు కాదు. పైగా సాయంత్రం పూట రెండు మూడు గంటలపాటు వదలకుండా రొమ్ము అడగడం, కాసేపు తాగి వదిలి ఏడ్చి మళ్ళీ అడగడం మొదటి వారాల్లో ఎక్కువమంది బిడ్డలు చేసే పనే. ఆ వేళకు తల్లి రొమ్ములు మెత్తగా, ఖాళీగా అనిపిస్తాయి కాబట్టి అనుమానం మరింత పెరుగుతుంది. మెత్తబడ్డ రొమ్ములో పాలు లేవని కాదు. ఆ సమయంలో పాలు నిలవ ఉండకుండా వెంటవెంటనే తయారవుతుంటాయి.

మరి పాపకు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? సీసా గీతలను చూడకండి, పాపనే చూడండి. 11వ రోజుకు 24 గంటల్లో కనీసం 6 సార్లు డైపరు బరువుగా తడవాలి. మలం పసుపు రంగులోకి మారి రోజుకు 3, 4 సార్లయినా రావాలి. పుట్టాక మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గడం సహజం; 7 శాతం వరకు సాధారణమనుకోవచ్చు, 10 శాతం దాటితే తప్పకుండా పట్టించుకోవాలి. తగ్గిన బరువు తిరిగి వచ్చి 10 నుంచి 14 రోజుల్లోపు పుట్టిన నాటి బరువును చేరాలి. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. మీ ప్రశ్నలో బరువు గురించి ఒక్క మాటా లేదు. నాకు అన్నిటికంటే ముందు కావలసింది అదే.

బరువుతో పాటు, పాప తాగుతున్నప్పుడు గడ్డాన్ని దగ్గరగా గమనించండి. మొదట చిన్నచిన్నగా, గబగబా చప్పరిస్తుంది. అది చేపును పిలవడం. ఒక నిమిషం తిరిగేసరికి తీరు మారుతుంది. నోరు వెడల్పుగా తెరుచుకుంటుంది, గడ్డం కిందికి దిగి ఒక్క క్షణం అక్కడే ఆగుతుంది, తర్వాత మూసుకుంటుంది. ఆ ఆగిన క్షణంలోనే నోరు పాలతో నిండుతుంది. ఎంత ఎక్కువసేపు ఆగితే అంత పెద్ద గుక్క. వెంటనే గొంతులో 'క' అని అరిచీ అరవనట్లుగా మింగే చప్పుడు వినబడుతుంది. ఇలా తెరవడం, ఆగడం, మూయడం వరుసగా పది నిమిషాలు నడిస్తే ఆ బిడ్డ పాలు తాగుతోంది. అరగంటసేపు రొమ్ము మీదే ఉన్నా గడ్డం ఆగకుండా పెదవులే ఆడుతుంటే చప్పరిస్తోందే గాని తాగడం లేదు. అలాంటప్పుడు రొమ్మును చేత్తో సి ఆకారంలో పట్టుకుని మెల్లగా నొక్కి వదులుతుంటే పాలు నోట్లోకి వచ్చి మళ్ళీ గుక్కలు మొదలవుతాయి. ఈ ఒక్క విద్య వస్తే సగం మందికి పంపు అక్కర ఉండదు.

తొలి వారాల్లో పంపును ఎందుకు తగ్గించమంటున్నానో ఇప్పుడు చెబుతాను. కాన్పు అయ్యాక మాయ బయటకు రావడంతో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పడిపోతుంది. అందువల్ల రెండో రోజు నుంచి అయిదో రోజులోపు చాలామందికి రొమ్ములు పాలతో బరువెక్కుతాయి. అంతవరకు హార్మోన్ల పని. అక్కడి నుంచి లెక్క రొమ్ముల చేతికి వస్తుంది. ఎన్ని పాలు బయటకు పోతే అన్ని తయారవుతాయి, నిండుగా నిలవ ఉంటే తయారీ మందగిస్తుంది. మొదటి నాలుగైదు వారాల్లో శరీరం బిడ్డ అడిగినదాన్నిబట్టి తన రోజువారీ లెక్కను కుదుర్చుకుంటుంది. ఆ బేరంలో మీరు పంపును కూడా కూర్చోబెడితే, ఇంట్లో పాలు తాగే బిడ్డలు ఒకరున్నారో ఒకటిన్నర మంది ఉన్నారో శరీరానికి తెలియదు.

పాలు ఎక్కువైతే మంచిదే కదా అని చాలామంది అడుగుతారు. ఒకామె విషయం చెబుతాను. రొమ్ము చక్కగా పట్టే బిడ్డ ఉండగానే, ముందుజాగ్రత్తగా ఫ్రీజరు నింపాలని మూడో రోజు నుంచే రోజుకు 6 సార్లు పంపు చేసింది. మూడు వారాలయ్యేసరికి ఫ్రీజరులో చోటు లేదు. బిడ్డ మాత్రం రొమ్ము దగ్గరకు తేగానే వెనక్కి విరుచుకునేది, ఎందుకంటే చేపు రాగానే పాలు చిమ్మి పొలమారేది. రాత్రి ఒక్క పంపు తప్పితే ఆమెకు రొమ్ము రాయిలా బిగుసుకుపోయేది. చివరకు ఒకవైపు ఎర్రబడి, వాచి, చలిజ్వరంతో వచ్చింది. 'పాలు గడ్డకట్టాయి, పూర్తిగా ఖాళీ చెయ్యి' అని ఎవరో చెబితే ఆమె ఇంకా ఎక్కువ పంపు చేసి, గట్టిగా పిసికి మర్దనా చేయడంతో వాపు రెట్టింపైంది. రొమ్ము వాచినప్పుడు పాలను అదేపనిగా తోడేయడం, గట్టిగా మర్దనా చేయడం ఇప్పుడు మేము వద్దంటున్నాం. ఒకప్పుడు నేను కూడా ఆ పాత సలహానే ఇచ్చాను. ఇప్పుడైతే బిడ్డకు ఎప్పటిలాగే పట్టమంటాం, అదనంగా తీయవద్దంటాం, చల్లని గుడ్డ వేసుకోమంటాం, తాగడానికి ముందు మాత్రం చర్మం మీద చేతిని తేలికగా రాయమంటాం. 24 గంటల్లో తగ్గకపోయినా, జ్వరం పెరుగుతున్నా డాక్టరును చూడాలి. ఆమె విషయంలో పంపులు తగ్గించడానికే నెల పట్టింది.

అందుకని మీరు కూడా రేపటి నుంచే పంపును అటకెక్కించకండి. రోజు విడిచి రోజు ఒక్కో పంపు తగ్గించండి. ముందుగా సాయంత్రాలవి, ఆ తర్వాత మధ్యాహ్నాలవి మానండి. తెల్లవారుజాము తర్వాత చేసేది చివరిదాకా ఉంచుకోండి. మధ్యలో బిగువుగా అనిపిస్తే పాపకు పట్టండి. పాప నిద్రలో ఉంటే ఊరట కలిగేంతవరకే చేత్తో పిండండి, ఖాళీ చేయవద్దు. ఈ రెండు వారాలూ పాప మూత్రం లెక్క రాసుకోండి, వారానికి రెండుసార్లు బరువు చూడండి. సాయంత్రం సీసా ఇచ్చే వేళకు రొమ్మునే ఇవ్వండి, అవసరమైతే రెండు వైపులా రెండేసి సార్లు మార్చి ఇవ్వండి.

బరువు వెనకబడి ఉంటే ఈ సలహా మీకు వర్తించదు. అప్పుడు పంపు అవసరమే, అయితే దానికొక పద్ధతి ఉండాలి. ముందు రొమ్ము పట్టాలి, గుక్కలు ఆగేవరకే, అరగంట మించకుండా. వెంటనే పంపు చేసిన పాలో, డాక్టరు చెబితే డబ్బా పాలో చెప్పిన మోతాదులో ఇవ్వాలి. ఆ ఇచ్చే పని ఇంట్లో మరొకరు చూసుకుంటుండగా మీరు 10–15 నిమిషాలు పంపు చేయాలి. మొత్తం గంటలోపు ముగియాలి, లేకపోతే మీకు నిద్ర ఉండదు. పట్టడం, పోయడం, పంపు చేయడం అనే ఈ మూడు పనుల చక్రం మనిషిని పీల్చేస్తుంది. రెండు మూడు రోజులకొకసారి బరువు చూస్తూ, ఎప్పుడు తగ్గించాలో ముందే అనుకుని మొదలుపెట్టాలి. గడువు పెట్టకుండా ఈ చక్రంలోకి దిగిన తల్లులు ఆరో వారానికి రొమ్మూ పంపూ రెండూ వదిలేసిన సందర్భాలు నాకు తెలుసు. తప్పు వాళ్ళది కాదు, ఆపమని చెప్పని మాది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి వేరు. 36 వారాలకు పుట్టిన ఒక బాబు చూడటానికి నిండు బిడ్డలాగే ఉండి, రొమ్ము నోట్లో పెట్టగానే నాలుగు గుక్కలు తాగి నిద్రపోయేవాడు. తల్లి 'బుద్ధిమంతుడు, ఏడవడు' అనుకుంది. ఏడవడానికి కూడా ఓపిక లేదని బరువు చూశాకే తెలిసింది. అలాంటి బిడ్డను రెండు మూడు గంటలకొకసారి లేపి పట్టాలి, తల్లి పంపుతో పాలను నిలుపుకోవాలి. బిడ్డ ప్రత్యేక వార్డులో ఉండి రొమ్ము అసలే పట్టలేనప్పుడు పుట్టిన కొద్ది గంటల్లోనే చేత్తో ముర్రుపాలు పిండడం మొదలుపెట్టి, రోజుకు 8 సార్లకు తగ్గకుండా, రాత్రి కూడా ఒకసారైనా పంపు చేయాలి. వాళ్ళకు బిడ్డ స్థానంలో ఉన్నది పంపు. అంతకుముందు రొమ్ముకు ఆపరేషన్ జరిగినవారు, కాన్పులో రక్తం బాగా పోయినవారు, థైరాయిడ్ సమస్య అదుపులో లేనివారు, మాయ ముక్క లోపల మిగిలిపోయినవారు నిజంగానే పాలు తక్కువపడే అవకాశం ఉన్నవారు. వాళ్ళు పంపు నిమిషాలు పెంచుకుంటూ కూర్చోకుండా ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఇక్కడ లెక్క చాలామంది భయపడేంత పెద్దది కాదు. రొమ్ముపాల మీదే పెరిగే బిడ్డ ఒక నెల వయసుకు రోజుకు సగటున 750 మిల్లీలీటర్ల దరిదాపుల్లోకి చేరి, ఆరో నెల వరకు దాదాపు అక్కడే ఉంటుంది. బిడ్డ బిడ్డకూ తేడా ఉంటుంది గాని, వయసుతో పాటు సీసా సైజు పెంచుకుంటూ పోనక్కరలేదు. గంటకు 30 నుంచి 35 మిల్లీలీటర్లు అనుకుంటే, మీరు 9 గంటలు బయట ఉండేట్లయితే పాపకు 270 నుంచి 315 మిల్లీలీటర్లు కావాలి. 70, 80 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు. మొదటి రోజుకు కావలసింది అంతే. రెండో రోజు పాలు మీరు మొదటి రోజు పనిచోట పంపు చేసి తెస్తారు. ఒలికిపోతాయనీ, ఆలస్యమవుతుందనీ ఇంకో రెండు రోజుల నిలవ పెట్టుకుంటే చాలు, లీటరు దాటనక్కరలేదు. పాపకు 28 రోజులు నిండిన నాటి నుంచి మీరు చేరే తేదీ వరకు దాదాపు 32 రోజులుంటాయి. రోజుకు ఒక పంపులో 40 మిల్లీలీటర్లే వచ్చినా 1,280 అవుతాయి.

ఆ ఒక్క పంపు పొద్దున్నే చేయండి. తెల్లవారుజామున పాప తాగాక అరగంట నుంచి గంట ఆగి, తర్వాతిసారి తాగడానికి కనీసం గంట ముందు ముగించండి. పాలను తయారు చేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రి ఎక్కువగా ఉండటం వల్ల ఆ వేళకు ఎక్కువమందికి పాలు ధారాళంగా ఉంటాయి. పంపు ముగించగానే పాప లేచి ఏడిస్తే నిస్సంకోచంగా రొమ్ము ఇవ్వండి. ఖాళీ అయిన రొమ్ములో మొదట ధార సన్నగా ఉంటుంది, అంతే.

పంపు చేసే తీరు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. ముందు రొమ్ముకు ఆనించే గరాటు కొలత సరిచూసుకోండి. చాలా పంపులతో 24 మిల్లీమీటర్ల గరాటు వస్తుంది. అందరికీ అదే సరిపోతుందన్న నియమం లేదు. చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని వదిలేసి చనుమొన అడ్డుకొలతను స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. గరాటు గొట్టం దానికంటే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. పంపు నడుస్తుండగా చనుమొన ఒక్కటే గొట్టంలో స్వేచ్ఛగా కదలాలి. చుట్టూ ఉన్న నలుపు కూడా బాగా లోపలికి వెళ్తుంటే గరాటు పెద్దది. మొన గోడలకు రాసుకుని తెల్లబడుతుంటే చిన్నది. 16 మిల్లీమీటర్ల మొనకు 24 గరాటు పెట్టుకుని మూడు వారాలు నొప్పి పడిన ఒకామెకు 18 గరాటు ఇచ్చాం. పాలు ఎంత పెరిగాయని ఆమెను అడిగితే, అది కాదు, పంపును చూస్తే భయం పోయిందని చెప్పింది. పాలు కూడా పెరిగాయి.

రెండోది, లాగుడు ఎంత ఎక్కువ పెడితే అన్ని పాలు వస్తాయన్నది అపోహ. ఇబ్బంది మొదలయ్యే చోటుకు చేరి అక్కడి నుంచి ఒక మెట్టు తగ్గించండి. మీకు అదే సరైన లాగుడు. మొదట వేగంగా, తేలికగా లాగే పద్ధతిలో నడపండి. ఒకటి రెండు నిమిషాల్లో చుక్కలు ధారగా మారతాయి. అప్పుడు నెమ్మదిగా, లోతుగా లాగే పద్ధతికి మార్చండి. ధార మళ్ళీ చుక్కలయ్యాక గరాటు పైనుంచి రొమ్మును వేళ్ళతో అక్కడక్కడా మెత్తగా నొక్కితే ఇంకొంత వస్తుంది. మొత్తం 15 నిమిషాలు చాలు. ఉద్యోగానికైతే రెండు వైపులా ఒకేసారి లాగే పంపు కొనుక్కోవడం మేలు, సగం సమయం కలిసొస్తుంది.

ఇక సీసాను చూస్తూ కూర్చోకండి. నా మొదటి బిడ్డప్పుడు నేను చేసిన పనే అది. ఇంతమందికి చెప్పేదాన్ని నేనే చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే చుక్క పడేది కాదు. ఒకనాడు విసిగిపోయి మడతపెడుతున్న బట్టల్లోంచి పాప మేజోడు తీసి సీసాకు తొడిగేశాను. కనబడకపోయేసరికి కిటికీ బయటకు చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు మొదటిసారి 70 గీత దాటింది. అప్పటి నుంచి నా దగ్గరకు వచ్చే ప్రతి తల్లికీ మేజోడు చిట్కా చెబుతున్నాను. నవ్వుతారు, కానీ ఇంటికి వెళ్ళి తొడుగుతారు.

గంటసేపు పంపు పెడుతూ తీస్తూ చేసే 'పవర్ పంపింగ్' గురించి కూడా మీరు విని ఉంటారు. పాలు నిజంగా తక్కువై, మిగతా ప్రయత్నాలన్నీ అయిన వాళ్ళు కొన్నాళ్ళు చేసి చూడవచ్చు. మీ పరిస్థితిలో దాని జోలికి వెళ్ళవద్దు. పాలు ఇస్తున్నప్పుడు రెండో వైపు తగిలించే సిలికాన్ గిన్నె కూడా అంతే. కారేవి పట్టుకోవడానికి మంచిదే గాని, అది కూడా లాగుతుంది, లాగితే తయారీ పెరుగుతుంది.

సీసా అలవాటు నాలుగో వారంలో మొదలుపెట్టండి. రెండు మూడు రోజులకొకసారి, 40–50 మిల్లీలీటర్లు చాలు. మీరు కాకుండా వేరే ఎవరైనా ఇస్తే మంచిది. చాలామంది బిడ్డలు తల్లి దగ్గర సీసాను ఒప్పుకోరు. పాపను దాదాపు కూర్చోబెట్టినట్లుగా పట్టుకుని, సీసాను నేలకు సమాంతరంగా ఉంచి, అన్నిటికంటే నెమ్మదిగా కారే పీక వాడాలి. పీకను నోట్లోకి తోయకుండా పెదవికి ఆనించి, పాప నోరు తెరిచి తానే అందుకునే దాకా ఆగాలి. ఐదారు గుక్కలకొకసారి సీసాను కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి. 15 నిమిషాలు పట్టాలి. చేతులు సడలి, తల తిప్పేస్తే సీసాలో మిగిలిన వాటి కోసం బలవంతం చేయకూడదు. ఈ పద్ధతిని పాపను చూసుకోబోయే వారికి మీరే దగ్గరుండి నేర్పించండి. ఉద్యోగంలో చేరాక 'పాప 120 తాగుతోంది, నీ పాలు చాలడం లేదు' అన్న ఫోను వస్తే, అది ఎక్కువసార్లు పాల సమస్య కాదు, సీసా పట్టే చేతి సమస్య.

పనిచోట మీరు లేని వేళల్లో పాప ఎన్నిసార్లు తాగుతుందో దాదాపు అన్నిసార్లు పంపు చేయాలి. 9 గంటలకు మూడుసార్లు అనుకోండి. బయల్దేరే ముందు, తిరిగి రాగానే రొమ్ము ఇవ్వండి. సెలవు రోజుల్లో పూర్తిగా రొమ్ము మీదే ఉంచండి. వారం చివరికి పంపులో పాలు తగ్గి, సెలవు తర్వాత మళ్ళీ పెరగడం చాలామందికి ఉంటుంది, కంగారు పడవద్దు. కొందరు పిల్లలు పగలు సీసాతో కొంచెమే తాగి, తల్లి వచ్చాక రాత్రంతా రొమ్ము మీద లెక్క సరిచేసుకుంటారు. అలసట ఉంటుంది, తప్పేమీ లేదు.

నిలవ విషయంలో గుర్తుంచుకోవలసిన అంకెలు కొన్నే. తీసిన పాలు 25 డిగ్రీలు మించని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే 4 రోజులు, ఫ్రీజరులో 6 నెలలు బాగుంటాయి. గది అంతకంటే వేడిగా ఉంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రీజరు నుంచి దించి ఫ్రిజ్‌లో కరిగించినవి 24 గంటల్లో వాడాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. పాప తాగి మిగిల్చినవి 2 గంటలు దాటితే పారబోయాలి. మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దు. ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేలా ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో సీసా ఉంచితే చాలు. 60 మిల్లీలీటర్ల చొప్పున, తేదీ రాసి దాచండి. కొందరి పాలు ఫ్రీజరులో కొన్నాళ్ళుంటే సబ్బు వాసన వేస్తాయి. పాడైనట్లు కాదు, కానీ కొందరు పిల్లలు ముట్టుకోరు. అందుకని ఒక చిన్న సంచి వారం పాటు ఫ్రీజరులో పెట్టి, కరిగించి, పాప తాగుతుందో లేదో చూశాకే మిగతావి దాచడం మొదలుపెట్టండి.

పంపులో పాలు తగిలే భాగాలను ప్రతిసారీ వేడి సబ్బునీళ్ళతో, దానికోసమే ఉంచిన గిన్నెలో కడిగి గాలికి ఆరబెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డ కాబట్టి రోజుకొకసారి మరిగించాలి. కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ వాడే అలవాటు ఇంత చిన్న బిడ్డకు వద్దు.

వీటిలో ఏది కనబడినా సమాధానాల కోసం ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి: పాప 8 గంటలుగా మూత్రం పోయకపోవడం, లేపినా పాలకు లేవకపోవడం, 38 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, ఒళ్ళు చల్లబడటం, చర్మం మీది పసుపు రంగు పొట్ట దాటి కాళ్ళ దాకా దిగడం.

రేపు పొద్దున పాపను బట్టలు, డైపరు లేకుండా తూయించి, పుట్టినప్పటి బరువు, ఇంటికి వచ్చిన నాటి బరువు, రేపటి బరువు ఈ మూడూ ఇక్కడ రాయండి. వీలైనంతవరకు ముందు తూచిన త్రాసు మీదే తూచాలి. త్రాసు మారితే 50, 100 గ్రాముల తేడా ఊరికే వస్తుంది. వాటితో పాటు ఈ రోజు 24 గంటల్లో తడిసిన డైపర్ల లెక్క, మీరు వాడుతున్న గరాటు మీది అంకె కూడా చెబితే, ఏ పంపును ఏ రోజు మానాలో మీకు వరుసగా రాసి ఇస్తాను.